విప్పకూడని పొట్లం

ఒక పెద్ద అడవిలో, పెద్దది అంటే ఈ చివర కోతి అరిస్తే ఆ చివర వినపడనంత పెద్దది, ఏటా ఎండలు ముదిరే వేళకి తొలిపండు పండగ వచ్చేది. మూడు రోజుల పండగ. చెట్లకి మొదటి పళ్ళు కనపడగానే జంతువులన్నీ ఒకదానికొకటి కానుకలిచ్చుకునేవి. నాలుగు తునికిపళ్ళో, గుప్పెడు మొర్రిపళ్ళో, ఏదో ఒకటి. కానుక చిన్నదా పెద్దదా అని చూసే అలవాటు అడవికి ఇంకా రాలేదు.

ఆ పండగకి ఒక ఆచారం ఉంది. కానుక పుచ్చుకున్నవాళ్ళు అక్కడే, ఇచ్చినవాళ్ళ ముందే, ఒక ముక్క కొరికి తినాలి. తిన్నారా, ఆ ఇద్దరి మధ్య అప్పటిదాకా ఉన్న తగాదా చెల్లిపోయినట్టే. తర్వాత దాన్ని ఎవరు ఎత్తినా తప్పు. తినకపోతే ఆ తగాదా మరుసటి పండగ దాకా సాగుతుంది.

వరసగా మూడు పండగలు దాటినా తీరకపోతే ఇక అది తగాదా కాదు, ఆస్తి. పిల్లలకీ, పిల్లల పిల్లలకీ పంచిపెట్టాల్సిందే. కాకులకీ గుడ్లగూబలకీ ఇవాళ్టికీ పడకపోవడానికి కారణం అదే. ఎందుకు మొదలైందో ఇరుపక్షాలకీ గుర్తులేదు. అయినా పెద్దలిచ్చిన ఆస్తి, ఎవరు వదులుకుంటారు?

ఎలుగుబంటి గుబురమ్మకి ఆ ఏడు సరిగ్గా మూడో పండగ.

గుబురమ్మకీ ముళ్ళపంది సూదమ్మకీ ఒకప్పుడు విడదీయలేని స్నేహం. ఒకర్నొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. గుబురమ్మ ఇప్పచెట్టు కొమ్మ ఊపితే రాలిన పువ్వు సూదమ్మ ఏరేది. ఆ ముళ్ళు అడవిలో ఎవరికి గుచ్చుకున్నా గుబురమ్మకి గుచ్చుకునేవి కావు, ఒంటినిండా అంత జుట్టు మరి.

అలాంటిది, ఒకనాడు గుబురమ్మ చెదల కోసం పుట్ట తవ్వుతూ తవ్వుతూ, రుచి మరిగి, పక్కనే ఉన్న సూదమ్మ బొరియని కూడా తవ్వేసింది. పైకప్పు కూలింది. సూదమ్మ దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చి, "ఇదేమిటి వదినా?" అంది.

ఆ క్షణాన "తప్పయింది" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ గుబురమ్మకి నోటినిండా చెదలు, మనసునిండా సిగ్గు. "పుట్ట పక్కన ఇల్లు కట్టుకోమని ఎవరు చెప్పారు?" అనేసింది.

అంతే. సూదమ్మ ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. వెళ్ళి ఒక బండసందులో కాపురం పెట్టింది. వాన పడితే ఆ సందు నిండా నీళ్ళే.

మొదటి పండగకి "తనే రానీ" అని గుబురమ్మ ఇంట్లో కూర్చుంది. రెండో పండగకి సగం దారి వెళ్ళి, మొహం చెల్లక వెనక్కొచ్చింది. ఇప్పచెట్టు కింద ఒంటరిగా కొమ్మ ఊపితే పువ్వు రాలేది గానీ, ఏరుకు తినబుద్ధయ్యేది కాదు. ఈ మూడోసారి ఎలాగైనా వెళ్ళాలని ఆమె నిశ్చయించుకుంది.

సరిగ్గా ఆ ఏడే అడవి సభవారికి పర్యావరణం గుర్తొచ్చింది.

గుర్తురావడానికి కారణం లేకపోలేదు. కిందటి పండగకి కాకి, వనభోజనాలకొచ్చిన మనుషులు పారేసిన తళతళలాడే చిప్స్ కవర్లు ఏరుకొచ్చి అందరికీ కానుకగా పంచింది. ఒక దుప్పిపిల్ల కవరు మింగి తొమ్మిది రోజులు పొట్టుబ్బి పడుకుంది. కాకిని పిలిచి, "ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకు" అంటే సరిపోయేది. కానీ ఒక్క మాటతో తీరిపోయే పనులకైతే సభ ఎందుకు?

సభకి అధ్యక్షుడు ఏనుగు గంభీరయ్య. ఆయన పేరు గంభీరయ్య, మనిషీ గంభీరమే, ఆయన నిద్రా గంభీరమే. కార్యదర్శి కొండముచ్చు తోకేశ్వర్రావు. ఆరు నెలలు పట్నంలో ఒక డాబా మీద ఉండొచ్చాడు కాబట్టి అడవిలోకెల్లా ఎక్కువ లోకజ్ఞానం ఉన్నవాడు. ఆరోగ్య సలహాదారు కొంగగారు. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంటే ఏదో ఆలోచిస్తున్నారని అందరి నమ్మకం.

"అధ్యక్షా," అన్నాడు తోకేశ్వర్రావు గొంతు సవరించుకుని, "కానుకన్నది మూడు రకాలుగా బాగుండాలి. ఆరోగ్యకరంగా ఉండాలి, అడవికి చెరుపు లేకుండా ఉండాలి, ఆలోచించి ఇచ్చినట్టుండాలి."

"ఆలోచించి ఇస్తే చాలదాండీ?" అని అడిగింది కుందేలు.

"ఇచ్చినట్టుండాలి అన్నాను," అన్నాడు తోకేశ్వర్రావు. కుందేలు కూర్చుంది.

కొంగగారు ఒక కన్ను తెరిచారు. "తీపి పనికిరాదు, ఒళ్ళు చెడుతుంది. పులుపు పనికిరాదు, పళ్ళు చెడతాయి. వగరు పనికిరాదు, పొద్దున్నే ఇబ్బంది."

"మరి ఏం తినమంటారు?" అంది అడవిపంది దిగులుగా.

"చేపలు మంచివి," అన్నారు కొంగగారు, కన్ను మూసుకుని.

తోకేశ్వర్రావు అసలు విషయానికొచ్చాడు. "ప్రతి కానుకా మోదుగాకులో పొట్లం కట్టాలి. ఆ పొట్లం మా ఆఫీసులోనే కట్టాలి. కట్టాక తుమ్మబంకతో ముద్ర. ఆ తర్వాత, ఇది ముఖ్యం, ఎవరూ విప్పకూడదు."

సభలో గుసగుసలు లేచాయి. విప్పకూడని కానుక సంగతి అడవి ఎన్నడూ వినలేదు.

"విప్పితే ఆకు చిరుగుతుంది," అన్నాడు తోకేశ్వర్రావు. గొంతు వణికింది. "చిరిగిన ప్రతి ఆకూ మన అడవితల్లి చీర కొంగు." గంభీరయ్య నోట్లో ఉన్న రావికొమ్మ నములుతూనే కళ్ళొత్తుకున్నాడు.

"విప్పకుండా ఏం చేసుకుంటాం?" అంది గుబురమ్మ వెనక వరసలోంచి.

"పక్కవాళ్ళకి కానుకగా ఇస్తారు. వాళ్ళు ఇంకొకరికి. ఒకే పొట్లం వంద చేతులు మారితే తొంభైతొమ్మిది పొట్లాల ఆకు మిగిలినట్టే కదా! ఇది నా సొంత తెలివి కాదమ్మా. నేనున్న డాబా ఇంట్లో కళ్ళారా చూశాను. పేరంటంలో ఒక ఆకుపచ్చ రవికెల గుడ్డ పెట్టారు. పుచ్చుకున్నావిడ కుట్టించుకోలేదు, పక్కింటి నోములో పెట్టింది. ఆవిడ ఆడపడుచు సీమంతంలో పెట్టింది. పధ్నాలుగు ఇళ్ళు తిరిగి మళ్ళీ మొదటావిడ ఒళ్ళోకే వచ్చింది, మడత నలగలేదు! పుచ్చుకున్న ప్రతి ఆవిడా 'రంగు ఎంత బాగుందో వదినగారూ' అన్నదే. అదీ నాగరికత."

సభ చప్పట్లతో మోగింది. చెయ్యి మారినప్పుడల్లా పొట్లం మీద ఆకుపసరుతో ఒక పచ్చచుక్క పెట్టాలని, పండగ మూడో రోజు ఎక్కువ చుక్కలున్న పొట్లానికి అధ్యక్షులవారి చేతుల మీదుగా సన్మానమని తీర్మానించారు. చుక్కలు పెట్టే ఇన్స్పెక్టరుగా కాకిని వేశారు. తప్పు చేసినవాడికే దాని లోతు తెలుస్తుందని తోకేశ్వర్రావు వాదన.

గుబురమ్మ ఇవేవీ పెద్దగా పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా సూదమ్మకి ఏమివ్వాలా అన్న దాని మీదే ఉంది.

తేనెపట్టు ఇద్దామంటే, తేనె గుబురమ్మకి ఇష్టం గానీ సూదమ్మకి కాదు. మనకిష్టమైంది ఎదుటివాళ్ళకిచ్చి సంబరపడటం కూడా ఒక రకం దొంగతనమే. ఇప్పపువ్వు ఇద్దామంటే, అది చూడగానే పాత రోజులు గుర్తొచ్చి ఇద్దరూ ఏడుస్తారు. మూడు రోజులు ఆలోచించింది. నాలుగోనాడు పుట్ట తవ్వుతుంటే తట్టింది.

ముళ్ళపందికి పళ్ళు పెరుగుతూనే ఉంటాయి. గట్టిదేదైనా కొరుక్కోకపోతే నోట్లో పట్టవు. అందుకని సూదమ్మకి రాలిపోయిన దుప్పికొమ్ము దొరికితే పండగే. ఒకసారి చిన్న ముక్క దొరికితే వారం రోజులు దాచుకు దాచుకు కొరికింది. బండసందులో కాపురం పెట్టాక దుప్పులు తిరిగే వైపు వెళ్ళడం ఆమెకి వీలు పడలేదు.

గుబురమ్మ మూడు గుట్టలు దాటి వెళ్ళింది. ఎండకి నల్లటి ఒళ్ళు మాడిపోయింది. ఒక ముసలి దుప్పి ఆమెని చూసి, "కొమ్ము కావాలా? అదిగో ఆ పొద కింద పడేశాను. బండకి కొట్టుకుని మూడో పాయ కొన విరిగింది, పనికొస్తుందా?" అంది.

"బంగారంలా పనికొస్తుంది," అంది గుబురమ్మ.

చెట్టుని కొట్టలేదు, జంతువుని చంపలేదు. తానుగా రాలిన కొమ్ము. పళ్ళకి ఆరోగ్యం. పైగా ఆలోచించి ఇచ్చినది. సభవారు అడిగిన మూడూ అందులో ఉన్నాయి. గుబురమ్మ దాన్ని నోట కరుచుకుని తిరిగొస్తూ, "తప్పయింది వదినా" అన్న మాట దారి పొడుగునా నేర్చుకుంది. నోట్లో కొమ్ము ఉండటం వల్ల సరిగ్గా పలకలేదు గానీ, మనసులో స్పష్టంగానే పలికింది.

ఆఫీసంటే గంభీరయ్య పడుకునే చోటికి వెనక ఉన్న పెద్ద గుహ. బయట వరస గుట్టమలుపు దాకా ఉంది. మామిడిపళ్ళు, తేనెపట్లు, మొర్రిపళ్ళు, పనసతొనలు అన్నీ లోపలికి వెళ్తున్నాయి. బయటికి మాత్రం అన్నీ ఒకే సైజు పొట్లాలుగా వస్తున్నాయి. గుహ ముందు మోదుగచెట్లు అప్పటికే సగం బోడివై ఉన్నాయి.

తోకేశ్వర్రావు కొమ్ముని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాంతో ఒకసారి వీపు గోక్కుని కూడా చూశాడు. కళ్ళు హాయిగా మూతపడ్డాయి.

"పరిశీలించాలి. ఇక్కడ పెట్టి మధ్యాహ్నం రండి," అన్నాడు.

మధ్యాహ్నం ఆమెకి ఒక గుండ్రటి పొట్లం ఇచ్చాడు. దానికి నిమ్మగడ్డి దట్టంగా రుద్ది ఉండటంతో ముక్కు ఎంత పెట్టినా లోపలి వాసన తెలియలేదు.

"అంత పొడుగు కొమ్ము ఇంత గుండ్రంగా ఎలా అయింది బాబూ?"

"ముక్కలు కొట్టి సర్దాం. ఆఫీసులోకి వెళ్ళిన వస్తువేదైనా కొంచెం తగ్గే బయటికొస్తుందమ్మా. అది పద్ధతి."

గుబురమ్మకి ఆఫీసు పద్ధతులు తెలియవు. తెలియదని నలుగురిలో చెప్పుకోవడం నామోషీ. అందుకని తలూపి పొట్లం పుచ్చుకుంది. తడి ఆరని ముద్రకి ఆమె చేతి నల్లవెంట్రుక ఒకటి అంటుకుపోయింది.

పండగ మొదటి రోజు పొద్దున్నే బండసందు ముందు నిలబడింది. సూదమ్మ బయటికొచ్చింది. చిక్కిపోయింది. ముళ్ళు కూడా పలచబడినట్టున్నాయి.

"ఎందుకొచ్చావు?" అంది సూదమ్మ.

నేర్చుకున్న మాట నోటి దాకా వచ్చి ఆగింది. "పండగ కదా... ఇదిగో," అని పొట్లం ముందు పెట్టింది. మాట కంటే పొట్లం ఇవ్వడం తేలిక.

సూదమ్మ చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత మెల్లగా గోరు చాపి తీగ ముడి మీద పెట్టింది.

"ఆగాగు!" అని అరుస్తూ కాకి కొమ్మ మీంచి దిగింది. "విప్పకూడదు! ఆకు చిరుగుతుంది. అంతగా మోజైతే ఒక పూట దగ్గర పెట్టుకుని ఇంకొకరికివ్వు." అని పొట్లం మీద ఒక పచ్చచుక్క పెట్టేసింది.

"విప్పకపోతే తినేదెలా? తినకపోతే తగాదా తీరేదెలా?" అంది సూదమ్మ.

"దానికి ఆఫీసువారు వేరే ఏర్పాటు చూస్తార్ట. వచ్చే ఏడు."

సూదమ్మ గుబురమ్మ వైపు చూసింది. "వచ్చే ఏడు దాకా ఆగడానికి ఇది మూడో పండగ," అంది మెల్లగా. "లోపల ఏముందో నువ్వైనా చెప్పు."

"చెప్పరాదు!" అంది కాకి. "చెబితే విప్పినట్టే లెక్క."

గుబురమ్మ నోరు తెరిచి మూసింది. రూలంటే ఆమెకి భయం. సూదమ్మ ముఖం మళ్ళీ గట్టిపడింది. "పొట్లంలో ఏముందో తెలియదు, నీ మనసులో ఏముందో తెలియదు. పండగ అయ్యేలోగా కొరికి తినేది ఏదైనా నా ముందు పెడితే చూద్దాం," అని లోపలికి వెళ్ళిపోయింది. కాకి పొట్లం తీసుకెళ్ళి కుందేలు ఇంట్లో పడేసింది.

గుబురమ్మ పరుగెత్తింది.

"ఒక్కసారి విప్పు తల్లీ, నా కొమ్ము నేను తీసుకుంటా," అంది కుందేలుతో.

"అమ్మో! నా చేతిలో ఉండగా చుక్క పోతే ఇంకేమైనా ఉందా?" అంటూనే కుందేలు దాన్ని పక్కవాళ్ళకిచ్చేసింది. చేతులు మారి మారి అది అడవిపందికి చేరింది.

అడవిపందికి విప్పాలనే ఉంది. పొట్లం చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఇంతలో వాళ్ళావిడ వచ్చి, "ఇరవై చుక్కల పొట్లం మనింటికొచ్చిందని వాడంతా చెప్పాను, ముట్టుకున్నావో చూడు!" అంది. పొట్లం నెమలికి వెళ్ళింది.

"పుచ్చుకున్న కానుక విప్పి చూడటం మోటుతనం కాదూ?" అంది నెమలి మెడ తిప్పి.

నక్క మాత్రం గుబురమ్మ పక్కన కూర్చుని ఓపిగ్గా వివరించింది. "అందులో హిమాలయ మూలికలున్నాయని నేను పదిమందికీ చెప్పేశానక్కా. నేను వాసన చూసే చెప్పానని వాళ్ళ నమ్మకం. ఇప్పుడు విప్పితే నా మాటేం కాను?"

రెండో రోజు సాయంత్రానికి అడవిలో ఎవరి చేతిలో చూసినా పొట్లమే. "ఎంత ఆలోచించి ఇచ్చావు వదినా!" "అబ్బే, నీకంటేనా!" ఇలా సాగుతోంది మర్యాద. పండగ వచ్చి రెండు రోజులైంది, ఒక్కరూ ఒక్క పండు నోట్లో పెట్టలేదు. అడవి చరిత్రలో ఆకలితో జరిగిన మొదటి పండగ అదే. ఆకు మిగుల్చుదామని మొదలుపెట్టిన పొట్లాలకి మోదుగచెట్లన్నీ నున్నగా బోడులయ్యాయి.

మూడో రోజు సన్మానసభ. నీడనిచ్చే చెట్టు మిగల్లేదు కాబట్టి సభ ఎండలోనే పెట్టారు. గంభీరయ్య చెవులతో విసురుకుంటూ వేదిక మీద కూర్చున్నాడు. అడవంతా ఎవరి పొట్లం వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సూదమ్మ ఒక మూల, అందరికీ దూరంగా ఉంది. పడమటి గుట్ట మీదకి పొద్దు వాలుతోంది. అది గుట్ట దాటిందా, పండగ అయిపోయినట్టే. గుబురమ్మ ఒకసారి పొద్దునీ, ఒకసారి సూదమ్మనీ చూస్తూ చెమటలు కక్కుతోంది.

"అరవై మూడు చుక్కలతో," ప్రకటించాడు తోకేశ్వర్రావు, "ఈ ఏటి ఉత్తమ కానుక!"

కాకి పొట్లాన్ని తెచ్చి వేదిక మీద పెట్టింది. ముద్రలో నల్లవెంట్రుక. గుబురమ్మదే.

"ఈ కానుకని గురించి ఏమని చెప్పను!" అన్నాడు తోకేశ్వర్రావు. "ఎంత ఆరోగ్యం! ఎంత ఆలోచన! అరవై ముగ్గురు పుచ్చుకుని అరవై ముగ్గురూ మెచ్చుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చెయ్యలేదు!" ఉపన్యాసం వేడెక్కేసరికి ఆయనకి వీపు దురద పుట్టింది. పక్కనున్న దేన్నో తీసి హాయిగా గోక్కోవడం మొదలుపెట్టాడు.

పొడుగాటి దుప్పికొమ్ము. మూడో పాయ కొన విరిగి ఉంది.

గుబురమ్మ ఆ కొమ్మునీ, పొట్లాన్నీ మార్చి మార్చి చూసింది. ఎలుగుబంటికి కోపం మెల్లగా వస్తుంది. కానీ వచ్చాక మెల్లగా ఉండదు.

"అది నాది!" అంటూ వేదిక ఎక్కింది. "ముక్కలు కొట్టి సర్దామన్నావే! కొమ్ము నీ వీపు మీదుంటే పొట్లంలో ఏముంది?"

తోకేశ్వర్రావు కొమ్ము వెనక దాచుకున్నాడు. "అమ్మా, ఇది ఆఫీసు సామాను. నమూనా కింద ఉంచుకున్నాం."

"అయితే పొట్లం విప్పు."

"విప్పితే ఆకు చిరుగుతుంది!" అంది కాకి. "చుక్కలు పోతాయి!" అంది కుందేలు. "మర్యాద!" అంది నెమలి. నక్క మాత్రం మెల్లగా వెనక వరసలోకి జరిగింది.

గుబురమ్మ ఒక్క గోరుతో పొట్లం నిలువునా చీరింది.

లోపల ఎండిన లద్దె ఉంది. గట్టిగా, గుండ్రంగా, మధ్యమధ్య రావినారతో. గంభీరయ్య తొండం చాచి ఒకసారి వాసన చూశాడు.

"ఇది నాదేనే," అన్నాడు ఆశ్చర్యంగా.

గుబురమ్మకి అప్పటికి అర్థమైంది, గుహ గంభీరయ్య వెనక ఎందుకుందో, తోకేశ్వర్రావు మూడు రోజుల్లో అంత ఒళ్ళు ఎలా చేశాడో. లోపలికి వెళ్ళిన తేనెపట్లు, పనసతొనలు ఎక్కడికి వెళ్ళాయో అందరికీ ఒక్కసారే అర్థమైంది. కొంగగారు రెండో కాలు కూడా నేల మీద పెట్టారు.

తోకేశ్వర్రావు ఒక్క క్షణమే తడబడ్డాడు.

"ఎరువు!" అని అరిచాడు. "అధ్యక్షా, ఎరువు! ఇంతకంటే అడవికి మేలు చేసే కానుక ఉందా? తీపి లేదు, పులుపు లేదు, వగరు లేదు. చెట్టుకి బలం. పైగా అధ్యక్షులవారు స్వయంగా అనుగ్రహించినది!"

గంభీరయ్య ఆలోచనలో పడ్డాడు. తన లద్దెని ఇంతమంది ఇంత మర్యాదగా చేతులు మార్చుకున్నారన్న ఊహ ఆయనకి బొత్తిగా చేదుగా లేదు.

"ఇంకెవరైనా తమ పొట్లం విప్పి చూడాలనుకుంటున్నారా?" అని అడిగాడు.

జంతువులన్నీ ఒళ్ళోని పొట్లాల వైపు చూసుకున్నాయి. తర్వాత, ఆ పొట్లాలు ఇచ్చినవాళ్ళ వైపు. తర్వాత, తాము ఎవరెవరికి ఇచ్చాయో వాళ్ళ వైపు. విప్పితే మోసపోయినట్టు తేలుతుంది, మోసం చేసినట్టూ తేలుతుంది. కుందేలు తన పొట్లాన్ని ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది.

"మాకు నమ్మకముందండీ," అంది అడవిపంది వాళ్ళావిడ. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు గుబురమ్మ వినలేదు. పొద్దు గుట్ట అంచుని తాకింది. ఆమె తోకేశ్వర్రావు చేతిలోంచి కొమ్ము లాక్కుని, వేదిక దిగి, జంతువులని తోసుకుంటూ మూలకి వెళ్ళి సూదమ్మ ముందు పెట్టింది. ఆకు లేదు, తీగ లేదు, ముద్ర లేదు. కొండముచ్చు వీపు వెంట్రుకలు రెండు అంటుకుని ఉంటే గబగబా తుడిచింది.

సూదమ్మ కొమ్ముని చూసింది. పాయలన్నీ చూసింది. "మూడు గుట్టల అవతలిది ఇది," అంది.

"ఆఁ."

"ఈ ఎండలో వెళ్ళావా?"

"ఆఁ."

"అంత దూరం నడిచినదానివి, మూడేళ్ళ కిందట ఒక్క మాట అనలేకపోయావా?"

గుబురమ్మ ముక్కు ఎగబీల్చింది. దారి పొడుగునా నేర్చుకున్నది ఇప్పుడు నోట్లో కొమ్ము లేకుండా పలకాలి. అడవంతా చూస్తోంది.

"తప్పయింది వదినా. నీ ఇల్లు కూల్చాను. కూల్చి నిన్నే తిట్టాను. సిగ్గేసి రాలేదు. ఇప్పచెట్టు కింద నువ్వు లేకపోతే నాకేం బాగాలేదు."

పొద్దు సగం దిగింది. సూదమ్మ వంగి, విరిగిన మూడో పాయ పట్టుకుని కొరికింది.

కర్ మని చప్పుడైంది. చప్పట్లు ఆగిపోయాయి. మూడు రోజుల పండగలో ఒకరిచ్చినది ఒకరు కొరికి తిన్న చప్పుడు అదొక్కటే. వింటున్న జంతువులన్నిటికీ నోట్లో నీళ్ళూరాయి.

"కొంచెం కొండముచ్చు వాసనొస్తోంది," అంది సూదమ్మ నములుతూ. "అయినా పర్లేదు. రేపొచ్చి ఇల్లు తవ్విపెట్టు. ఈసారి కూల్చడానికి కాదు."

"వస్తా," అంది గుబురమ్మ. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ జుట్టులో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు సభ మళ్ళీ కూడింది. తోకేశ్వర్రావు దూరదృష్టిని మెచ్చుకుంటూ ఆయన్ని అడవి పర్యావరణ సలహాదారుగా నియమించారు. వచ్చే ఏటి నుంచి పళ్ళూ తేనే తెచ్చే శ్రమ ఎవరికీ లేకుండా, గంభీరయ్యగారి ఎరువునే నేరుగా పొట్లం కట్టి పంచాలని తీర్మానించారు. ఆకు చింపినందుకు గుబురమ్మకి మందలింపు. ఇక ముద్ర లేని కానుకతో తీరిన తగాదా తీరినట్టు కాదు కాబట్టి, ఎలుగుబంట్లకీ ముళ్ళపందులకీ తరతరాల వైరమని రికార్డులో రాసుకున్నారు.

ఆ సంగతి తెలియజేస్తూ ఏటా పండగకి ముందు ఇద్దరికీ చెరొక నోటీసు వస్తుంది. మంచి వెడల్పాటి మోదుగాకు మీద రాసి పంపుతారు. గుబురమ్మ ఇప్పకొమ్మ ఊపుతుంది, సూదమ్మ ఏరుతుంది. ఆ రెండు ఆకులూ పరుచుకుని వాటి మీద పువ్వు పోసుకుని, తరతరాల శత్రువులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటారు.

నీతి: ఎవరైనా ఆదరంగా పొట్లం ఇస్తే విప్పకండి, విప్పనంతవరకే అది కానుక, విప్పితే సాక్ష్యం.